కాస్త వదులుగా కట్టు

జూన్ 14, ఆదివారం

చిరంజీవి చెల్లికి అక్క దీవెనలు. ఇక్కడ నేను, మీ బావ, పిల్లలు అందరం క్షేమం. మీ బావ మోకాలినొప్పి కూడా క్షేమంగానే ఉంది, ఎక్కడికీ పోలేదు. అక్కడ నువ్వెలా ఉన్నావని అడగను. నీ ఉత్తరం అందింది.

కుండీలకి మట్టి కలుపుతూ ఒకసారి, అన్నం తింటూ ఒకసారి చదివాను. ఒకటో తారీఖున రాజీనామా ఇచ్చేస్తానని, ఈ ఉద్యోగం నీకు చేతకాదని రాశావు. పిల్లల వార్డుకి హెడ్ నర్సువై నిండా ఆర్నెల్లు కాలేదు. వార్త వినగానే ఫోనులో నువ్వు ఏడ్చిన ఏడుపు, నేను నవ్విన నవ్వు ఇంకా నా చెవిలో ఉన్నాయి.

పెద్దమేడం రిటైరయ్యాక ఆవిడ కుర్చీలో కూర్చున్నావు, బాగుంది. ఆవిడ గొంతు కూడా ఎందుకు తగిలించుకున్నావే? ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే డాక్టర్లు కూడా చొక్కా గుండీలు సర్దుకునేవారని నువ్వే చెప్పేదానివి. ఇప్పుడు నువ్వు కూడా చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నావట, కళ్ళజోడు ముక్కు చివరికి దించి చూస్తున్నావట. నువ్వు కసిరితే కొత్తగా చేరిన నర్సు దుప్పట్ల గదిలోకి వెళ్ళి ఏడ్చిందని రాశావు. వార్డులో నీ కొంగు పట్టుకుని తిరిగే పిల్ల నిన్ను చూసి దుప్పటి ముసుగేసుకుందని కూడా రాశావు. అక్కడ అక్షరాలు అలుక్కుపోయాయి తల్లీ, నాకు కనబడకపోలేదు.

నీకు ఉపదేశాలు చేసే చదువు నాకు లేదు. మా మొక్కల నర్సరీలో జరిగిందొకటి చెబుతాను, విను.

కొన్నేళ్ళ కిందటి మాట. ఒక ఫ్యాక్టరీ ముందు రెండు వరసలు నాటడానికి సన్నగా, నిటారుగా పెరిగే మొక్కలు పెంచుతున్నాం. విత్తనాల సంచుల దగ్గర ఏదో పొరపాటు జరిగి, గొడుగులా పరుచుకునే జాతిది ఒకటి అందులో కలిసిపోయింది. లేతగా ఉన్నప్పుడు రెండిటి ఆకులూ ఒకేలా ఉంటాయి. నేనూ పోల్చుకోలేదు, మా యజమానీ పోల్చుకోలేదు. అది పక్కకి కొమ్మ వేయడం, నేను కత్తిరించడం. మళ్ళీ వేయడం, మళ్ళీ కత్తిరించడం. ఏం మొండిఘటమే నువ్వు అని తిట్టి, పురికొసతో ఊతకర్రకి బిగించి కట్టేశాను. చివరికి తక్కిన వాటితో సమానంగా పొడుగైంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. తీరా సరుకు పంపే రోజు కర్ర తీసి కట్టు విప్పానో లేదో, నేలమీదికి వాలిపోయింది. మనిషెత్తు ఉంది గాని కాండం నా చిటికెన వేలంత కూడా లేదు.

కర్రకి బిగించి కడితే మొక్క గాలికి ఊగదు. ఊగకపోతే కాండం లావెక్కదు. పక్కకొమ్మలు కోసేస్తే దానికి తిండీ తగ్గిపోతుంది. ఇదంతా నాకు తెలియదా అంటే తెలుసు. వరస చక్కగా కనబడాలన్న యావలో పడి, ఒక్కదాని సంగతి పట్టించుకోలేదు, అంతే.

యజమాని దాన్ని చూసి, పీకి అవతల పారేయమన్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది. ఇన్నాళ్ళూ చాకిరీ చేసింది నేను కదా! కుళాయి పక్కన నాటాను. మొదలు దగ్గర మాత్రం ఒక కట్టు, అదీ వదులుగా, ఊగడానికి చోటిచ్చి కట్టాను. కొమ్మలు ముట్టుకోలేదు. కొన్నాళ్ళు ఆకులన్నీ రాల్చి నన్ను హడలగొట్టింది. తరవాత మెల్లిగా కింద లావెక్కింది. పైకి పోవడం మాని, తనకి తోచినట్టు అడ్డంగా పరుచుకుంది. ఇప్పుడు మా వాళ్ళంతా దాని నీడలోనే టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు. యజమాని కూడా అక్కడే కుర్చీ వేసుకుని, ఈ ఆలోచన తనదేనని వచ్చినవాళ్ళతో చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ పాపం.

చెట్టు నాకు పాఠం చెప్పిందని అనను. మనకి నీతులు చెప్పడానికి దానికేం పనీపాటా లేదా? దాని మానాన అది పెరిగింది. చూసి బుద్ధి తెచ్చుకోవలసింది నేను.

మెత్తగా ఉంటే నెత్తినెక్కుతారని నీ భయం. మెత్తగా ఉండమంటే పని గాలికొదిలేయమని కాదు. మందు వేళ తప్పితే చెప్పాల్సిందే, నీ గొంతుతో చెప్పు. నాన్న కాలికి ఆపరేషన్ అయ్యాక మంచం దిగనని భీష్మించుకు కూర్చున్నాడు, గుర్తుందా? నేను అరిచాను, మీ బావ బతిమాలారు. నువ్వొచ్చి పక్కన కూర్చుని మెల్లిగా ఏదో అన్నావు. ఏమన్నావో నాకిప్పటికీ తెలియదు. ఆయన చెప్పులేవని అడిగాడు! అదే నీ పద్ధతి. నేను వందేళ్ళు సాధన చేసినా నాకు రాదు.

రాజీనామా ఇస్తావో మానుతావో నీ ఇష్టం. కాని ఈ ఆర్నెల్లూ ఆ వార్డులో నువ్వసలు పనిచేయలేదే. పనిచేయని మనిషి తనకి చేతకాదని ఎలా రాసిస్తుంది? ముందు ఆ కొత్త నర్సు దగ్గరికెళ్ళి నాలుగు మంచి మాటలు మాట్లాడు. కొన్నాళ్ళు నీలా ఉండి చూడు. అప్పటికీ కాదనిపిస్తే నా దగ్గరికి వచ్చెయ్, మట్టి కలపడానికి మనిషి కావాలి.

వేళకి తిను.

నీ మేలు కోరే,
అక్క

తా.క. ఈ సంగతి చెప్పనని మాటిచ్చాను. ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. మీ పెద్దమేడం కొడుకు దగ్గర ఉండడానికి మా ఊరే వచ్చేసింది. మొన్న పూలమొక్కలు కొనడానికి వచ్చి, నా మొహంలో నీ పోలికలు చూసి, నువ్వు ఆ అమ్మాయి అక్కవా అని అడిగింది. నీ అవస్థ చెప్పాను. ఆవిడ అక్కడే బల్ల మీద కూలబడిపోయింది. తనూ మొదట్లో నీలాంటిదేనట. అప్పటి పెద్దనర్సుని చూసి ఆ గొంతు తెచ్చిపెట్టుకుందట. అది ఇక ఊడిరాలేదట. ఇప్పుడు మనవరాలు ఒళ్ళోకి రాదట, పిలిస్తే చేతులు కట్టుకుని నిలబడుతుందట. మరి సీనియర్లుండగా మీ కుర్చీకి మా చెల్లి పేరెందుకు చెప్పారండీ అని అడిగాను. తను ఉన్నన్నాళ్ళూ ఆ వార్డులో పిల్లలు భయానికి ఏడుపు మింగేసేవారట. తను వెళ్ళాకైనా వాళ్ళు నోరారా ఏడవాలని, ఏడిస్తే ఎత్తుకునే మనిషి ఒకతె అక్కడ ఉండాలని నీ పేరు రాసిచ్చిందట.