మూడుసార్లు ఊపి దించిన చున్నీ

జోడుగుళ్ళపాలెం,
15 సెప్టెంబరు 2025, సోమవారం.

నూకాలు పెదనాన్నకు,

ఎంత కోపంగా ఉన్నా ఉత్తరం నమస్కారంతోనే మొదలవ్వాలని మా తెలుగు మేడం చెప్పారు. అందుకని ముందు నమస్కారం. పెద్దమ్మకు కూడా.

ఈ రోజు మొదటి వింత మా తలుపు గొళ్ళెం. పది గంటలకు మీ పడవ ఒడ్డుకు వచ్చింది. పదకొండైనా గొళ్ళేనికి చేపల సంచి లేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాన్నమ్మ వాటా మీరే తెచ్చి తగిలిస్తున్నారు. వేట ఉన్న రోజున ఆ గొళ్ళెం ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నాన్నమ్మ రెండుసార్లు తలుపు తీసి చూసి, చారు పెట్టుకుంది. కోపం నా మీదైతే ఆవిడ కూర మీకేం చేసింది?

నిన్న రేవులో ముప్పై మంది ముందు మీరు నన్ను ఒక్క మాటకు మించి మాట్లాడనివ్వలేదు. అందుకే రాస్తున్నాను. మీరు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారని తెలుసు కాబట్టి, కోపంలో కూడా విడివిడిగా రాస్తున్నాను.

ఈ కొండ కిందే పుట్టి పెరిగినా, మా ఇంట్లో అందరం కలిసి ఒక్కసారీ కైలాసగిరి ఎక్కలేదు. రోప్‌వే వద్దు, మెట్ల దారిన పోదామన్నది నేనే. నాన్నకు పోర్టులో సెలవు. అమ్మ పులిహోర చేసింది. నాన్నమ్మ కూడా బయల్దేరింది. మోకాళ్ళు పట్టేస్తాయని నాన్న అంటే, నువ్వు పుట్టకముందే ఈ కొండెక్కినోల్లం రా అంది.

కింద ఎండ మండిపోయింది. సగం మెట్లెక్కేసరికి సింహాచలం వైపు నుంచి మబ్బు వచ్చి చినుకులు పడ్డాయి. అమ్మ పులిహోర గిన్నెను కొంగు కింద దాచుకుంది. అయిదు నిమిషాల్లో మళ్ళీ ఎండ. పైకి చేరేటప్పటికి నాకు ఒక భుజం మీద ఎండ, ఇంకో భుజం మీద వాన. అక్కడి నుంచి సముద్రంలో మీ నీలం పడవను నేనే ముందు గుర్తుపట్టాను. నాన్నా అమ్మా చెట్టు కింద విస్తరాకులు పరుస్తున్నారు. రాతి మీద నిలబడి నా ఎర్ర చున్నీ ఊపాను. నా నేరం అంతే.

దానికి మీరు వలలు సగంలో లాగేసి, మిగతా నాలుగు పడవలనూ వెంటబెట్టుకుని వెనక్కి వచ్చేశారు. గాలీ రాలేదు, పెద్ద వానా రాలేదు. మేం కొండెక్కిన సంగతి ఊరందరికీ తెలుసు కాబట్టి, దిగేసరికి రేవంతా మా కోసమే కాచుకుని ఉంది.

ఫోన్లు లేని రోజుల్లో గాలి తిరిగితే ఆడవాళ్ళు కొండెక్కి ఎర్రగుడ్డ మూడుసార్లు ఊపి నేలకు దించేవారట. నాకది మీ తిట్లలోనే తెలిసింది. మాయమ్మ ఊపిన గుడ్డ సూసి మేం బతికొచ్చినాం, మా పేనాలు నీకు సెల్ఫీలేటే అన్నారు. పోర్టులో నీడపట్టున కూకున్నోడికీ ఆడి కూతురికీ గాలి సంగతి ఏటి తెలుస్తాదని నాన్ననూ కలిపారు. గురువమ్మత్త టీ కొట్లోంచి, పుస్తకాలు సదివితే మబ్బులు సదివినట్టేటి అంది. అందరూ నవ్వారు.

ఆదివారం వస్తే మధురవాడ నుంచి వచ్చిన వాళ్ళు ఆ కొండ మీద ఎన్ని చున్నీలు ఊపరు? వాళ్ళను చూసి మీరెప్పుడైనా పడవ తిప్పారా? నేను మూడుసార్లు ఊపి దించానట. చెయ్యి నొప్పి పుడితే దించనా? మీ ఫోనుకు వాతావరణం సందేశం వస్తుంది. నిన్న సముద్రం బాగుందనే వచ్చింది. అయినా గుడ్డముక్కను నమ్మారు. నమ్మడం తప్పని నేననను. కానీ నమ్మింది మీరు. నమ్మినందుకు సిగ్గుపడి నన్ను తిట్టారు.

వంజరం చేపల గుంపు చేజారిందని పెద్దమ్మ ఏడ్చిందట. దానికి నాకూ బాధగానే ఉంది. కానీ, దీన్ని ఈ యేటితో సదువు మానిపించీరా అని నాన్నతో అన్నారు చూడండి, ఆ మాట మాత్రం నేను మింగలేను. నాన్న మీ మాటకు ఎన్నడూ ఎదురు చెప్పడు. నిన్నా తల వంచుకునే ఉన్నాడు. ఈ పొద్దున్న నా పుస్తకాల సంచి చూసి కళ్ళు తిప్పుకున్నాడు. బస్టాపుకి పోవాలంటే రేవు దాటాలి కాబట్టి నేనూ కాలేజీకి వెళ్ళలేదు. పోయిన వారమే క్లాసులో ధర్మాగ్రహం అనే మాట నేర్చుకున్నాను. ఇంత తొందరగా పనికొస్తుందని అనుకోలేదు.

నేనడిగేవి రెండే. నాన్నమ్మ చేపలు ఎప్పటిలా గొళ్ళేనికి ఉండాలి. చదువు గురించి అన్న మాట మీరే నాన్న దగ్గర వెనక్కి తీసుకోవాలి.

ఈ సాయంత్రం ఉత్తరాన్ని మీ తలుపు గొళ్ళేనికి తగిలించి వస్తాను. మా గొళ్ళెంలా మీ గొళ్ళెం ఖాళీగా ఉండకూడదు.

ఇట్లు,
తిట్లు తిన్నా తగ్గని మీ తమ్ముడు సింహాద్రి కూతురు,
రాధ.

తా.క.: ఉత్తరం మడుస్తుంటే నాన్నమ్మ చదివి వినిపించమంది. విన్నంతసేపూ గొళ్ళెం వైపే చూసింది. తర్వాత మళ్ళీ కలం తియ్యమంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఏదీ దిద్దలేదు.

ఒరే నూకాలూ, గుడ్డ ఊపింది నానే. పిల్ల మెడలోంచి సున్నీ లాక్కుని ఊపినాను. మూడు ఊపులూ దించడమూ దానికెలా తెలుస్తాదిరా, నీకు అనుమానం రాలేదేటి? నీళ్ళ మీద నల్లగా పరిగెత్తుకొస్తంటే పడమటి గాలనుకున్నాను. అది మబ్బు నీడ. ఇన్నేళ్ళలో ఇలాగ ఎప్పుడూ పొరబడలేదు నాను. రేవులో నువ్వు అరుస్తంటే నోరు పెగల్లేదు. నన్ను సూసి, పోతమ్మకి సూపు పోనాది, ఇంక దాని మాట ఎవులింటారని అంటారేమోనని బయమేసింది. పిల్ల నా మొకం ఒకపాలి సూసి, ఊపింది నేనేనని అనీసింది. దాని సదువు మీదకి తెచ్చింది నువ్వు కాదురా, నాను. రేపు పొద్దున్నే రేవుకొస్తాను. అయిదు పడవలోల్లనీ గురువమ్మ కొట్టుకాడ నిలబెట్టు. అందరి ముందూ నానే సెప్తాను. నానొచ్చీదాకా పడవ తొయ్యకు.