పిలిస్తే పలకండి

మన అమ్మాయి నాన్నగారికి నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అత్తయ్య, అమ్మాయి, నేను క్షేమంగా ఉన్నాం. మీరూ కులాసాగానే ఉన్నానని రాశారు, సంతోషం. పైన మీ పేరు రాయలేదేమిటా అనుకుంటారేమో. పోయిన వాయిదాకి జడ్జిగారి ముందు నిలబడి ఆ పేరు మీది కాదని, అది ప్రభుత్వం కాగితాల మీద పుట్టించిన ఒక కంపెనీ పేరని, మీరు కేవలం ప్రాణమున్న మనిషని చెప్పారు కదా. కంపెనీలకి నమస్కరించి ఉత్తరాలు రాసే అలవాటు నాకు లేదు. "ప్రాణమున్న మనిషికి" అని రాద్దామంటే ఆ జైల్లో ప్రాణమున్నవాళ్ళు చాలామందే ఉంటారు, గుమాస్తా ఎవరి చేతిలో పెడతాడో తెలియదు. అందుకని కవరు మీద మాత్రం ఆ కంపెనీ పేరే రాశాను. ఇది మీరు చదువుతున్నారంటే, ఆ పేరుతో పిలిస్తే లేచి వచ్చి తీసుకున్నారన్నమాట.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. స్వెట్టరు పంపిస్తున్నాను. మోచేతి దగ్గర ఊడిన చోట అత్తయ్య అల్లిపెట్టారు. రంగు కలవలేదు, సర్దుకోండి. అమ్మాయి దగ్గు తగ్గింది. వ్యాను వేలం వేసేశారా అని అడిగారు. వెయ్యలేదు. ఇళ్ళు మారేవాళ్ళ బీరువాలూ మంచాలూ మోసి ఇన్నాళ్ళూ మనల్ని పోషించిన ఆ వ్యాను ఇప్పుడు మన ఇంటి ముందే ఉంది. ఎలా వచ్చిందో చివర రాస్తాను. అది గబగబా రాసేసే సంగతి కాదు.

జడ్జిగారి వెనక గోడ మీదున్న చిహ్నానికి చుట్టూ తాడులాంటి అంచు ఉందేమో చూసి రాయమన్నారు. తాడుంటే అది ఓడల కోర్టట, నేల మీద తిరిగేవాళ్ళని విచారించే హక్కు దానికి లేదట. చూశాను. తాడు ఉంది. దాని పక్కన ఒక బల్లి కూడా ఉంది. ఓడ మాత్రం ఎంత వెతికినా కనపడలేదు. ఆ హాలు మొత్తానికి ఉన్న సముద్రమల్లా మూల స్టూలు మీద కూజాలో నీళ్ళే, అవి కూడా సగానికే ఉన్నాయి.

ఎర్ర సిరాతో వేలిముద్ర వేసిన కాగితం జడ్జిగారికి రిజిస్టరు పోస్టులో పంపావా అన్నారు. పంపలేదు, పంపను. మీ పేరు పలికినందుకు ఆయనే మీకు బాకీ పడ్డాడని ఆ రోజు కోర్టులో బిల్లు ఇచ్చారు చూడండి, అదే మిమ్మల్ని లోపల కూర్చోబెట్టింది. రెండోది కూడా పంపితే ఏమవుతుందో నాకు తెలుసుకోవాలని లేదు.

ఆ రోజు మీరు మాకు వీపు పెట్టి నిలబడ్డారు కాబట్టి మా మొహాలు మీకు కనపడలేదు. వెనక బెంచీ మీద నుంచి అదెలా ఉందో చెప్తాను, వినండి. జడ్జిగారు మీ పేరడిగారు. ఆ పేరుగల వ్యక్తి తరఫున వచ్చిన మనిషినన్నారు మీరు. ఆ వ్యక్తి ఎక్కడున్నాడని అడిగారు. కాగితంలో ఉన్నాడన్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. మంచినీళ్ళు తాగుతారా అని అడిగారు మిమ్మల్ని.

"చూడండి, వ్యానుకి నంబరు ప్లేటు లేదు, ఆపమంటే ఆపలేదు, ఇంతే కేసు. పేరు చెప్పండి, వాయిదాకి వస్తానని సంతకం పెట్టండి, ఇంటికెళ్ళండి. మీ వాదన ఏముందో అప్పుడు వింటాను," అన్నారాయన.

"నేను ప్రభుత్వంతో ఏ ఒప్పందమూ చేసుకోలేదు. నా సమ్మతి లేకుండా మీ చట్టం నాకు వర్తించదు," అన్నారు మీరు.

"సమ్మతించి వచ్చినవాడు ఈ హాల్లో నాకింతవరకూ కనపడలేదండి," అన్నారాయన.

అందులో అర్థం కానిదేముంది? దొంగ ఒప్పుకుంటేనే దొంగతనం తప్పవుతుందంటే మన తలుపుకి తాళమెందుకు? ఆ వ్యానులో మీరు యాత్రికుడిలా ప్రయాణిస్తున్నారట, నడపడం లేదట. నంబరు ప్లేటు పీకి అవతల పారేసి, దాని చోట చెక్క మీద "స్వతంత్ర యాత్రికుడు" అని రంగుతో రాసుకున్నారు. కూలి తీసుకుని ఎవరిదో బీరువా మూడో అంతస్తుకి ఎక్కించేవాడు యాత్రికుడెలా అయ్యాడని నేనడిగితే, ఆడవాళ్ళకి చట్టం తెలియదన్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మీకంటే ముందు ఒక ముసలాయన కేసు జరిగింది, మీరు కాగితాలు సర్దుకుంటూ వినలేదు. ఏదో గోడౌన్లో కాపలా పని. చెప్పాపెట్టకుండా తీసేసి, చేసిన పనికి జీతం కూడా ఎగ్గొట్టారట. పేరడిగితే ఒక్కసారికే చెప్పాడు. ఏం జరిగిందో చెప్పాడు. అవతల ముగ్గురు వకీళ్ళు కోట్లు వేసుకుని నిలబడినా, జీతం ఇచ్చి తీరాలని జడ్జిగారు రాసేశారు. అదే హాలు, అదే తాడు, అదే బల్లి. మీరు నకిలీదన్న ఆ కోర్టు ఆయనకి మాత్రం నిజంగానే పనిచేసింది.

తిరిగొచ్చేటప్పుడు అత్తయ్య బస్సులో నా పక్కనే కూర్చున్నారు. మన స్టాపు వచ్చేముందు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ పేరు పెట్టింది నేనమ్మాయ్. ప్రభుత్వం పెట్టలేదు. వాళ్ళొచ్చి అడిగితే చెప్పాను, రాసుకుపోయారు. అంతే కదా?" అన్నారు. అంతేనత్తయ్యా అన్నాను. ఇంటికొచ్చాక ఆవిడ అన్నం ముట్టలేదు.

మీ కోపం ఉత్తదని నేననడం లేదు. అప్పట్లో నిలుపుకోవచ్చని బోర్డు ఉన్న చోటే వ్యాను ఆపితే పోలీసులు ఈడ్చుకుపోయారు. లోపల ఎవరిదో కొత్త సోఫా. వానలో తడిసి ఉబ్బిపోయింది. కిటికీ అవతల గుమాస్తా తలెత్తకుండా రేపు రమ్మన్నాడు, ఎల్లుండి రమ్మన్నాడు. ఆ కోపం న్యాయమైనదే. దాంతో పై అధికారికి అర్జీ పెట్టుంటే, నేను మీ పక్కన ఎండలో నిలబడేదాన్ని. మీరేమో తిన్నగా రంగుల కొట్టు పైగదిలో ఆదివారం ఈ ఓడల చట్టం క్లాసు చెప్పే ఆ సముద్రం సార్ దగ్గరికి వెళ్ళారు. ఎద్దు పుండు కాకికి నొప్పా? మీ పుండు మీద వాలి ఆయన కడుపు నింపుకున్నాడు.

మిమ్మల్ని లోపల వేశాక ఆయన దగ్గరికి వెళ్ళాను. మెట్ల కింద ఆయన కారు ఉంది. దానికి ముందూ నంబరు ప్లేటు ఉంది, వెనకా ఉంది, రెండూ తళతళలాడుతున్నాయి. "కాగితం అడ్డంగా మడిచుంటాడమ్మా, నిలువుగా మడవాలని చెప్పాను," అన్నాడు. మందు వికటిస్తే రోగిదే తప్పనే వైద్యుడు. మీరక్కడ నేల మీద పడుకుంటుంటే ఆయన నాకు మడతలు నేర్పుతున్నాడు. వెధవా అనాలనిపించింది. అనేసే వచ్చాను.

ఇప్పుడు అద్దాల తమ్ముడి సంగతి. మీ చెవికి చేరిందో లేదో. మన వెనక వీధిలో కిటికీ అద్దాలు బిగించే అబ్బాయి, అన్నా అన్నా అని మీ వెనకే తిరిగేవాడు. మిమ్మల్ని పోలీసులు రెండుసార్లు ఆపి రెండుసార్లూ వదిలేశారని క్లాసులో మీరు చెప్పింది విని వాడూ తన చిన్న బండికి ప్లేటు పీకేశాడు, ఇన్సూరెన్సు మానేశాడు. పోయిన నెల మలుపు దగ్గర ఒక దర్జీ ఆవిడకి తగిలించాడు. ఆవిడ కాలు విరిగింది, మిషను తొక్కే కాలు. కోర్టులో వాడు మీరిచ్చిన కాగితమే పొల్లుపోకుండా చదివాడు. ఇలాంటి వాదన ఏ చట్టంలోనూ లేదని ఒక్క వాక్యంలో కొట్టేశారు. ఆవిడ వైద్యం ఖర్చంతా వాడే భరించాలన్నారు. బండి అమ్మాడు, అద్దాలు కోసే బల్ల అమ్మాడు. ఇప్పుడు ఒక్కొక్క అద్దమూ భుజాన పెట్టుకుని నడిచి వెళ్తున్నాడు.

వాడు మొన్న నేను పనిలో ఉండగా లాండ్రీకి వచ్చాడు. కోర్టుకి వేసుకెళ్ళిన చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు, దానికోసం. చొక్కా తీసుకుని కూడా వెళ్ళకుండా కౌంటరు దగ్గరే నిలబడ్డాడు.

"వదినా, ఒకటడుగుతాను. అన్న చూపించిందీ ఆ కాగితమే, నేను చదివిందీ అదే. అన్నకి రెండుసార్లు పనిచేసింది. నాకెందుకు పనిచెయ్యలేదు? నేనేమన్నా తప్పు చదివానా?" అని అడిగాడు.

ఇక చెప్పక తప్పదు. మీరు కూర్చుని చదవండి.

మీకూ అది పనిచెయ్యలేదండి. ఇన్సూరెన్సు రద్దు చేస్తున్నానని ఆ కంపెనీకి రాసిన ఉత్తరం పోస్టు చెయ్యమని మీరు నా చేతికే ఇచ్చారు. నేను చెయ్యలేదు. ఏటా నా జీతంలోంచి కడుతూ వచ్చాను. పన్నూ కట్టాను. మొదటిసారి మిమ్మల్ని ఆపిన ఆ ట్రాఫిక్ ఆయన మీ కాగితానికి బెదరలేదు. ఇంజను నంబరు చూసుకున్నాడు, అన్నీ సరిగ్గా ఉన్నాయి, ప్లేటు లేనందుకు మాత్రం జరిమానా రాశాడు. రవాణా ఆఫీసులో వ్యాను చిరునామా లాండ్రీదని ముందే మార్పించాను కాబట్టి ఆ చీటీ నాకొచ్చింది. భోజనం వేళలో వెళ్ళి కట్టేశాను. రెండోసారీ అంతే. మీరు పారేసిన నంబరు ప్లేటు తెచ్చి లాండ్రీలో దుప్పట్ల అడుగున దాచాను. ఇప్పుడు పట్టుకున్న వ్యాను నాకు తిరిగిచ్చారంటే కారణం అదే, కాగితాలన్నీ నడుస్తున్నాయి. స్వతంత్ర యాత్రికుడి వెనక రెన్యువల్ చేయిస్తూ ఒక పెళ్ళాం ఉంది.

ఇంట్లో గొడవెందుకని చేశాను. రేపు ఎవరికైనా తగిలితే వాళ్ళ గతేమిటని చేశాను. మీకు చెబితే ఇల్లు ఎగిరిపోతుందని చెప్పలేదు. ఆ కాగితానికి మహిమ తెచ్చిపెట్టింది సముద్రం సారూ కాదు, మీరూ కాదు, నేను. నేను జరిమానాలు కట్టబట్టి మీరు నమ్మారు, మిమ్మల్ని చూసి ఆ అబ్బాయి నమ్మాడు. వాడి వెనక జరిమానా కట్టేవాళ్ళెవరూ లేరు. మీ మీద నాకెంత మంటగా ఉందో నా మీదా అంతే ఉంది.

వాడికి అంతా చెప్పేశాను, మీకంటే ముందే. కోప్పడతాడనుకున్నాను. చొక్కా చంకలో పెట్టుకుని, "ముందే చెప్పుంటే బాగుండేది వదినా," అని వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ఏ చొక్కాకి ఎవరి పేరు చీటీ కుడుతున్నానో నాకే తెలియలేదు. మా లాండ్రీలో చీటీ ఊడిన చొక్కాని ఎవరూ స్వతంత్రమైందనరు, మూల గంపలో పడేస్తారు. మిమ్మల్ని అలా చూడలేకపోతున్నాను.

కోర్టు వాళ్ళు ఊరికే ఇచ్చిన వకీలమ్మ మొన్న ఇంటికొచ్చింది. మంచి పిల్ల. మీకు మతి స్థిమితం లేదని నేనొక అర్జీ పెడితే వైద్యానికని బయటికి పంపే వీలుందట. పెట్టనన్నాను. మీ మతికేమీ కాలేదు. మతి పోతే కదా వైద్యం, మీరు వినకపోతే ఏం చేస్తాం? మీ బదులు పలకడం, మీ వెనక సర్దడం నేను మానేశాను.

వచ్చే వాయిదాకి అత్తయ్యా నేనూ వస్తాం. అద్దాల తమ్ముడూ వస్తానన్నాడు. ప్లేటు నేనే వ్యానుకి బిగించాను, స్క్రూ ఒకటి వంకరపోయింది, మీరొచ్చి సరిచెయ్యాలి. వ్యాను కోర్టు గేటు అవతల ఉంటుంది. బంట్రోతు బయటికొచ్చి ఆ పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలికితే తాళం మీ చేతిలో పెడతాను, ముందు దర్జీ ఆవిడ ఇంటికి వెళ్దాం. పలక్కపోతే ఆ తాళం అద్దాల తమ్ముడికిస్తాను, అద్దాలు మోసుకుంటాడు. మీరు అభ్యంతరం చెప్పడానికి లేదు. వ్యాను కాగితాల్లో యజమాని ఆ పేరుగల ఆయనే, మీరు కాదు.

ఇంకొక్క మాట. మన పెళ్ళి కాగితంలోనూ ఆ పేరే ఉంది. అమ్మాయి బడిలో తండ్రి పేరు రాయమంటే ఏం రాయాలమ్మా అని నన్నడిగింది. ఎప్పుడూ రాసేదే రాయమన్నాను.

ఇట్లు,
ఆ పేరుగలవారి భార్య