పక్క మారిన సూర్యుడు

రోము, 1841 మార్చి 9

చిరంజీవి ఒత్తావియోను నాన్నమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మకు దగ్గు తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. నా మోకాలు ఎలా ఉందని అడిగావు. రోజూ నాకంటే ముందే లేస్తోంది. పంపిన జున్ను స్నేహితులకు పంచేయకుండా నువ్వు తిను.

ఇక నీ అసలు ప్రశ్న. పాతకాలపు రాతి బలిపీఠాలన్నిటి మీదా ఎడమన ఉండే సూర్యుడు, ఆ కొండ ఊరి బలిపీఠానికి మా నాన్న అచ్చువేసిన బొమ్మలో కుడికెందుకు పోయాడని కదా? ఆ ఊరి పాతకాలం వాళ్లు ఎడమ చోటిచ్చి చంద్రదేవతకే పెద్దపీట వేశారని నలభై పేజీలు రాశావు. వచ్చే నెల పాడువా నగరంలో పండితుల ముందు చదువుతానన్నావు. చదివాను. ఎంత బాగా రాశావంటే, నిజం తెలిసిన నాకే నమ్మాలనిపించింది.

నాయనా, రాగిరేకు మీద బొమ్మను తిరగేసి చెక్కాలి. అప్పుడే కాగితం మీద సరిగ్గా పడుతుంది. అందుకే చిత్రాన్ని అద్దంలో చూస్తూ చెక్కుతాం. ‘చెక్కుతాం’ అన్నాను, గమనించావా? ఆ రేకు చెక్కింది మా నాన్న కాదు, నేను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు.

ఆ రోజు నా అద్దంలో చిత్రం లేదు. ఆ కొండ ఊరికెళ్లి రాయిని చూసి దాన్ని గీసి తెచ్చిన చెల్సో ఉన్నాడు. అవును, మీ తాతే. అద్దాన్ని అటు తిప్పింది నేనే. చిత్రాన్ని నేరుగా చూసి చెక్కేశాను. అక్షరాలు ఆడపిల్లలకు అప్పగించరు కనుక, అడుగున తన పేరు నాన్నే చెక్కుకున్నాడు, పద్ధతిగా తిరగేసి.

మూడు వందల కాగితాలు అచ్చయ్యాక గానీ ఆయన చూడలేదు.

“ఏమే దొమితిల్లా, అద్దం ఎందుకిచ్చానే నీకు?”

“చూడ్డానికే నాన్నా.”

“ఏం చూశావో తెలుస్తూనే ఉంది! ఆ బలిపీఠం రాయిని సున్నం బట్టీలో కాల్చేశారట. ఇంక పోల్చి చూసేదెవడు? నోరు మూసుకో.”

యాభై ఏళ్లు మూసుకున్నాను. మీ తాత మాత్రం పోయేదాకా వెక్కిరించాడు: “సూర్యుణ్ణే పక్కకు నెట్టినదానివి, నేనెంతలే!”

రేకు గుడ్డలో చుట్టి పంపుతున్నాను. రాయి మీద ఉన్నట్టే, రాగి మీద సూర్యుడు ఎడమనే ఉన్నాడు. పండితుల్లో ఈ పని తెలిసినవాడు ఒక్కడున్నా నీ పరువు దక్కదు. ఆ నలభై పేజీలూ పొయ్యిలో పడేసి, కొత్తగా ఒక్క పేజీ రాయి. ఈ తప్పు చెక్కినది ఫలానా అని నా పేరు పూర్తిగా వెయ్యి. పన్నెండేళ్లు చెక్కాను, అచ్చులో ఒక్కసారీ నా పేరు పడలేదు.

అక్షరాలు మాత్రం నువ్వే దగ్గరుండి సరిచూడు.

ఇట్లు,
మీ నాన్నమ్మ
దొమితిల్లా