చెయ్యనన్న నర్సు

రూతక్కా,
నువ్వు చనిపోయి ఇవాళ్టికి ఏడాది. తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో మన నర్సింగ్ హోమ్ షట్టర్ సగం దించే ఉంది. నీ తర్వాత ఇన్‌చార్జి సిస్టర్ని నేనే.

పొద్దున ఒక అబార్షన్ కేసు వచ్చింది. కొత్త నర్సు సునీత, "నాతోని గాదు సిస్టర్, నా మనసు ఒప్పుతలేదు" అంది. డాక్టర్ మేడమ్ నా వైపు తిరిగి, "చెయ్యనన్న నర్సుని కాపాడే చట్టం ఏదైనా ఉందా?" అన్నారు. నిన్నూ ఇదే అడిగారు. అలాంటి చట్టం లేదని ఆ రోజే నిన్ను ఉద్యోగం తీసి ఇంటికి పంపేశారు. డ్యూటీ నిరాకరించావని రాసిన కాగితం మీద సాక్షి సంతకం నాది.

చెయ్యనన్న ప్రతిసారీ నువ్వు బదులు నర్సు వచ్చేదాకా పేషెంటు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదానివి. "ఆమెను ఒక్కదాన్నే ఇడిచిపెట్టుమని నా దేవుడు చెప్పలే" అనేదానివి.

ఇవాళ బదులు నర్సుని పిలుద్దామంటే ఎల్బీనగర్ నుంచి దారులన్నీ మూసేశారు. బయట నినాదాలు. మంచం మీదున్న పేషెంటు పిల్ల సునీత కొంగు పట్టుకుని, "నువ్వు పోతవా అక్కా?" అంది.

"సునీత డ్యూటీ నేను చేస్తాను మేడమ్. సునీత ఆమె పక్కన కూర్చుంటుంది" అన్నాను. సునీత స్టూలు లాక్కుంది.

అంతా అయ్యాక, సునీత డ్యూటీ నిరాకరించిందని రాసిన కాగితం మేడమ్ నా ముందుకు జరిపారు. సాక్షి సంతకం అన్న చోటు ఖాళీగానే వదిలి తిరిగిచ్చేశాను. మేడమ్ దాన్ని మడిచి డ్రాయర్లో పడేశారు. సునీత రేపు డ్యూటీకి వస్తుంది.

ఆ రోజు నేను సంతకం పెట్టకుంటే నీకూ అంతే సరిపోయేది అక్కా.