గంట కట్టిన కారు

బ్రెమెన్,
ఆదివారం సాయంత్రం

తోటల సంఘం అధ్యక్షురాలు పాపెన్‌బ్రోక్ గారికి, పక్క తోటవాడు కోపం దిగమింగుకుని రాస్తున్నది.

నా మొదటి రిమోట్ కారు పెట్రోలుదే కొందామనుకున్నాను. "ఆదివారం మన తోటల్లో చప్పుడైతే ఊరుకోను" అన్నారు మీరు. సరేనని బ్యాటరీది కొన్నాను. అది చప్పుడు లేకుండా వచ్చి మీ కాళ్ల మధ్య దూరింది, మీ చేతిలోని బంగాళాదుంపల సలాడ్ నేలపాలైంది. "వచ్చేది వినపడొద్దూ?" అని మీరే కసిరారు. కారుకు గంట కట్టాను. ఇప్పుడు ఆ గంట ఆపించమని మీ ఆయన్ని పంపారు.

ఆయన "ఒక్క రౌండు తిప్పి ఇచ్చేస్తానయ్యా" అంటూ రిమోట్ లాక్కున్నారు. పొద్దు వాలుతోంది, నా వంతు ఇంకా రాలేదు. ఛార్జింగ్ అయిపోతే ఇస్తారులే అని ఓపిక పట్టాను. అయిపోయింది. ఆయన తన జేబులోంచి సరిగ్గా సరిపోయే ఇంకో బ్యాటరీ తీశారు.

కారే లేని మనిషికి అదెందుకో కాస్త మీరే అడగండి.