టైపిస్ట్ బాబా కోసం నీలిగుడ్డ

7 అక్టోబరు, సోమవారం. ఉదయం ఆరు.

మా అమ్మాయి అబిదెమి దగ్గు తగ్గింది. నా మోకాలు అలాగే ఉంది. కింద వాటాలో ఉండే అమ్మాయికి నెలలు నిండాయి, రాత్రి నిద్రపోయిందో లేదో. ఇంట్లోవాళ్ల సంగతి అయ్యాక ఫోను తెరిచి గ్రూపులో వాళ్లను వరసగా అడిగాను. రొట్టెల న్నెయోమా, ఎనూగులో వానలట, నీ నడుం ఎలా ఉంది తల్లీ? చైర్మన్ నాయనా, పన్ను పోటు తగ్గిందా? టైపిస్ట్ బాబా, కళ్లలో చుక్కల మందు వేసుకుంటున్నారా, మర్చిపోతున్నారా?

చైర్మన్ వెంటనే హెచ్చరికగా పసుపు కార్డు బొమ్మ పెట్టాడు. అమ్మా, ఇది ఆసుపత్రి వార్డు కాదు, మాటల ఆట అన్నాడు. ముందు మాట, తర్వాత ఒక్క ఫిర్యాదు, అంతే, మూడోది లేదు అన్నాడు.

రూలు నాకూ తెలుసు. ముందువాళ్లు వేసిన మాట చివరి అక్షరంతో మన మాట మొదలవ్వాలి. దాని కింద దేశం గురించి ఒక ఫిర్యాదు రాయాలి. కరెంటో, రోడ్డో, పెట్రోలు క్యూనో. కానీ పొద్దున్నే మనిషిని చూసి, ఎలా ఉన్నావని అడగకుండా మాట ఎలా వేస్తాం? మా అమ్మ చూస్తే చెంప పగలగొట్టేది.

అబిదెమి నవ్వింది. యాభై ఎనిమిదేళ్లకి అక్షరాలు నేర్చుకున్నది అందరి మోకాళ్ల గురించి రాయడానికా అమ్మా అంది.

8 అక్టోబరు, మంగళవారం.

బాబా ఈరోజు "కరుణ" అని వేశారు. మళ్లీ ముడి! ఆ అక్షరంతో మొదలయ్యే మాట ఎక్కడుంది? ఆయనకిది సరదా. ముప్పై ఏళ్లు కోర్టులో టైపు కొట్టిన మనిషి, మాటలన్నీ ఆయన వేళ్ల చివరే ఉంటాయి. అందరూ గంటసేపు తల బద్దలు కొట్టుకున్నాక, అప్పుడు తీరిగ్గా వచ్చి తనే ఇంకో మాట వేసి విప్పుతారు. మా గ్రూపులో ముడి వేసినవాళ్లే విప్పాలి.

ఆయన ఫిర్యాదు: మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ జలుబు చేసిన ముసలి అత్తలాగా రోజంతా గురగురమంటోంది, నూనె కారుతోంది, కరెంటు ఆఫీసుకి మూడు ఉత్తరాలు టైపు కొట్టాను, నాలుగోది కొడుతున్నాను.

కళ్ల మందు సంగతికి మాత్రం జవాబు లేదు.

9 అక్టోబరు.

ముడి విప్పలేదు. బాబా రాలేదు.

10 అక్టోబరు, గురువారం.

ఈరోజూ రాలేదు. ఎప్పుడూ ఆరున్నరకల్లా వచ్చే మనిషి. గ్రూపులో ఎగతాళి మొదలైంది. ముడి వేసి పారిపోయాడు అని ఒకరు. డిక్షనరీ కొనడానికి వెళ్లాడు అని ఇంకొకరు. చైర్మన్ అయితే, పెద్దాయన గర్వం పెద్దది, మనల్ని కాళ్లు పట్టుకోమంటున్నాడు అన్నాడు. న్నెయోమా ఒక్కతే, పాపం బాబా చార్జింగు లేదేమో అంది. తర్వాత ఆమె కూడా రొట్టెలు మాడుతున్నాయని వెళ్లిపోయింది.

నేను మళ్లీ అడిగాను. బాబా, ఒంట్లో బాగుందా, ఒక్క మాట చెప్పండి అని. రెండో పసుపు కార్డు వచ్చింది. మూడోసారి అయితే గ్రూపులోంచి తీసేస్తానన్నాడు చైర్మన్. జనరేటర్లు బాగుచేసే కుర్రాడు, పోర్ట్ హార్కోర్ట్‌లో నూనె మరకల చేతులతో ఈ గ్రూపును నడుపుతున్నాడు. మంచివాడే. కానీ రూలంటే రూలే.

తీసేస్తే నేనేం చెయ్యను? గుడ్డలద్దే నీలిమందు కుండలు అటకెక్కించి రెండేళ్లయింది. పొద్దున్న లేస్తే ఈ గ్రూపే నాకు బజారు.

11 అక్టోబరు.

బాబాకి విడిగా మెసేజ్ పెట్టాను. ఒక్క టిక్కే. రెండో టిక్కు రావడం లేదు.

12 అక్టోబరు, శనివారం.

ఫోను చేశాను. స్విచ్ ఆఫ్ అంది లోపలి అమ్మాయి. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అదే గొంతుతో అదే మాట, ఏమాత్రం విసుగు లేకుండా.

ఆయన ఏ ఊరో కూడా సరిగ్గా తెలియదు. రైల్వే స్టేషన్ పక్కన ఉంటానని ఒకసారి రాశారు. ఈ దేశంలో రైల్వే స్టేషన్లెన్ని! ఇంట్లో ఒక్కరే ఉంటారని మాత్రం తెలుసు. భార్య పోయారు, చెల్లెలు వారానికోసారి కూర వండి తెస్తుంది. ఇవన్నీ నేను అడిగితే చెప్పినవే. పసుపు కార్డుల మధ్యలో అడిగాను.

సాయంత్రం చైర్మన్ ప్రకటన పెట్టాడు. ముడి వేసి నాలుగు రోజులు విప్పనివాడిని ఆటలోంచి కొట్టేస్తున్నాం, రేపటినుంచి కొత్త మాటతో మొదలు. బాబా పేరు మీద అడ్డగీత గీసి పెట్టాడు. బతికున్న మనిషి పేరు మీద గీత ఎలా గీస్తారు? బతికున్నారో లేదో కూడా తెలియకుండా అసలెలా గీస్తారు?

13 అక్టోబరు, ఆదివారం. మధ్యాహ్నం.

చర్చి నుంచి వచ్చాక ధైర్యం చేశాను. బాబా డెబ్భయ్యో పుట్టినరోజున పంపిన ఫొటో నా ఫోనులో ఉంది. పెద్ద అంగీ, టోపీ, ముందు టైపు మిషను, చిరునవ్వు ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. దాన్ని నా స్టేటస్‌లో పెట్టాను. ఎవరైనా ఈయన్ని చూశారా అని రాయాలనుకున్నాను. అక్షరాలు వెతుకుతుండగానే వేలు ఎక్కడో తగిలి ఫొటో వెళ్లిపోయింది. కింద "మా టైపిస్ట్ బాబా" అని మాత్రం పడింది. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పడింది. అది నేను పెట్టలేదు, దానంతట అదే పడింది.

పోనీలే, చూసినవాళ్లు అడుగుతారు కదా అనుకున్నాను. అంతలో కరెంటు పోయింది. ఫోనూ ఆరిపోయింది.

14 అక్టోబరు, సోమవారం.

బాబా పోయారు.

అబిదెమి దర్జీ కొట్లో చార్జింగు పెట్టుకుని, పది గంటలకి ఫోను తెరిచాను. గ్రూపు నిండా కొవ్వొత్తులు. న్నెయోమా మొదట పెట్టిందట, తర్వాత అందరూ. దేవుడు శాంతినివ్వాలి బాబా. మాటల మహారాజు వెళ్లిపోయాడు. చైర్మన్ పంపిన వాయిస్ నోటు నాలుగు నిమిషాలుంది. నేను గీత గీసింది చనిపోయిన మనిషి పేరు మీద, దేవుడు నన్ను క్షమించడు, బాబా ప్రతి పొద్దున్నా నా మాటల్లో తప్పులు దిద్దేవాడు, ఒక్కసారి కూడా నలుగురిలో దిద్దలేదు, విడిగా మెసేజ్ పెట్టి దిద్దేవాడు అని ఏడుస్తున్నాడు. వెనకాల జనరేటరు మోత.

కొట్లోనే కూర్చుని ఏడ్చాను. కొలతలివ్వడానికి వచ్చిన ఆవిడ తన చేతిరుమాలు ఇచ్చింది.

కళ్ల మందు వేసుకోకుండానే పోయారు. "కరుణ" అని వేసి పోయారు. అదేమైనా చెప్పి వెళ్లడమా? ఏమో. ఎంత ఆలోచించినా తేలదు, నిద్ర రాదు.

15 అక్టోబరు.

మా వైపు పెళ్లయినా చావైనా అందరూ ఒకే రంగు గుడ్డ కట్టాలి కదా. పైగా బాబాది నిండు వయసు. గ్రూపులో పొద్దున్నే రంగు గొడవ. చైర్మన్ ద్రాక్ష రంగు అన్నాడు. ద్రాక్ష రంగు కడితే మేం రొట్టెల మీద జామ్‌లా ఉంటాం అంది న్నెయోమా. ఏడుపు మధ్యలో అందరూ నవ్వారు. చివరికి నీలం అనుకున్నారు. ఒసొగ్బోలో నీలిమందు అద్దే అబిదెమి అమ్మ ఉండగా కొనడమేమిటి అన్నారు.

చేస్తానన్నాను. అటక మీంచి కుండలు దింపించాను.

16 అక్టోబరు.

కర్రపెండలం గంజి, కోడి ఈక. గంజితో గీసినచోట నీలం ఎక్కదు. గుడ్డ మీద టైపు మిషను మీటలు గీశాను, వరసకి పది గుండ్రాలు. చెయ్యి ఇంకా మర్చిపోలేదు.

17 అక్టోబరు, గురువారం.

ఏం చెప్పను. ఎలా రాయను.

అంత్యక్రియలు ఏ రోజో చెబితే గుడ్డలు ఆ లోపల ఆరబెడతానని అబిదెమిని అడగమన్నాను. అబిదెమి చైర్మన్‌ని అడిగింది. అతను న్నెయోమాకి తెలుస్తుందన్నాడు. న్నెయోమాని అడిగితే, అయ్యో అక్కా, నాకేం తెలుసు, మీ అమ్మే కదా చెప్పింది, ఆదివారం స్టేటస్‌లో బాబా ఫొటో పెట్టి చేతులు జోడించింది కదా అంది.

అబిదెమి నా వైపు చూసింది. నేను కుండలోంచి చేతులు తీశాను. మోచేతుల దాకా నీలం.

అమ్మా, పుట్టినరోజు శుభాకాంక్షలని రాయకుండా స్టేటస్‌లో ముసలాయన ఫొటో పెడితే అందరూ ఏమనుకుంటారు అంది. నిజమే. నేనైనా అదే అనుకునేదాన్ని. నేను పెట్టింది చూసి వాళ్లు ఏడ్చారు. వాళ్లు ఏడ్చింది చూసి నేను ఏడ్చాను. ఆయన పోయారని చెప్పిన మనిషి ఈ దేశంలో ఎవరూ లేరు, నేను తప్ప.

బతికున్న మనిషిని చంపేశాను. లేదా చచ్చిపోయారో ఏమో, అదీ తెలియదు. ఏది కోరుకోవాలి? బతికుండాలి దేవుడా. బతికుండి నన్ను తిట్టాలి.

18 అక్టోబరు, శుక్రవారం. ఉదయం ఆరు.

గ్రూపులో ఉన్నది ఉన్నట్టు రాశాను. తప్పు నాదే, ఆయన సంగతి నాకేమీ తెలియదు, ఫొటో ఆయన్ని వెతకడానికి పెట్టాను అని. రాయడానికి గంట పట్టింది. తీసేయండి నన్ను అని కూడా రాశాను.

అందరూ చదివారు. రెండు నీలం టిక్కులు.

అదే రోజు, మధ్యాహ్నం.

చైర్మన్ ఒక్కటే రాశాడు. అయితే బాబా ఎక్కడున్నాడు అని.

ఒక్కసారిగా అందరూ. స్టేషన్ పక్కన అన్నాడు కదా, ఏ స్టేషనూ? అరటిపళ్లు చౌక అన్నాడొకసారి. రైలు పొద్దున్న తొమ్మిదింటికి వెళ్తుందన్నాడు. లాగోస్ వెళ్లే రైలా? చెల్లెలి పేరేమిటి? ఆయన కళ్ల డాక్టరు ఏ ఊరివాడు? ఎవరు అడిగారు ఆయన్ని ఇవన్నీ, అబిదెమి అమ్మే కదా అడిగేది, అమ్మా పాతవి చూడండి, చూడండి త్వరగా.

పాతవి చూశాను. చుక్కల మందు కోసం ఇలోరిన్ వెళ్లానని ఆగస్టులో రాశారు. గంటలో చేరాల్సింది, దార్లో బస్సు ఆగిపోయి రెండు గంటలు పట్టిందని. ఇలోరిన్‌కి గంట దూరంలో రైల్వే స్టేషన్ ఉన్న ఊరు ఏదీ అన్నాడు చైర్మన్. ఒఫ్ఫా అంది అబిదెమి.

ఒఫ్ఫా! మాకు గంటన్నర కూడా లేదు. రేపు పొద్దున్న బస్సెక్కాలి అనుకున్నాను.

19 అక్టోబరు, శనివారం. ఉదయం.

చెప్పులేసుకుంటుండగా ఫోను మోగింది. బాబా ఫొటో. ఆ టోపీ, ఆ చిరునవ్వు. ఫోను అబిదెమి చేతిలో పెట్టేశాను. అబిదెమి ఎత్తి నా చెవికి ఆనించింది.

అబిదెమి అమ్మా, నన్ను చంపింది మీరేనట అంది ఆ గొంతు. ఇంత బాగా ఎవరు చంపుతారు, నాలుగు నిమిషాల ఏడుపుతో సహా అంది.

ఆ మంగళవారం సాయంత్రమే వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయిందట. కరెంటు ఆఫీసువాళ్లు ఒకసారి నిచ్చెన లేకుండా వచ్చారట, ఇంకోసారి నిచ్చెనతో వచ్చి ఫ్యూజు మర్చిపోయారట. వీధి వీధంతా చీకటి. ఆ చీకట్లో మెట్టు తప్పి బాబా చీలమండ వాచింది. మంచం దిగలేదు. చెల్లెలే అన్నం పెట్టింది. ఫోను సంగతి ఎవరికి పట్టింది? నిన్న సాయంత్రం చెల్లెలు దాన్ని స్టేషన్ అవతల జనరేటరున్న బార్బర్ షాపులో చార్జింగుకి ఇచ్చిందట. పొద్దున్న బార్బరు ఫోను వెలిగించేసరికి కొవ్వొత్తులే కొవ్వొత్తులు. గడ్డానికి సబ్బు రాసుకున్న ఇద్దరు లేచి నిలబడి టోపీలు తీశారట. బార్బరు ఫోనును చేతికి దూరంగా పట్టుకుని పరిగెత్తుకొచ్చి, బాబా మంచం పక్కన నిలబడి, ముందు ఆయన్ని వేలితో పొడిచి చూశాడట!

నేను నవ్వానో ఏడ్చానో తెలియదు. క్షమించండి బాబా అన్నాను. ఆయన, పదకొండు రోజులు నా మాట కోసం చూసేవాళ్లు ఎవరుంటారులే అనుకున్నాను, అన్నీ చదివాను, చైర్మన్ ఏడుపు మూడుసార్లు విన్నాను అన్నారు. తర్వాత, కళ్ల మందు వేసుకుంటున్నానమ్మా, రోజుకి రెండుసార్లు అన్నారు.

గుడ్డల సంగతి చెప్పాను. పాడుచేయకండి, కట్టుకుని రండి, నిజంగా పోయిన రోజున నేను చూడలేను కదా అన్నారు.

సాయంత్రం.

గ్రూపులో బాబా ముడి విప్పారు. "గొడుగు" అని వేశారు. ఫిర్యాదు: ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా రాలేదు, ఐదో ఉత్తరం.

చైర్మన్ బాబా పేరు మీది గీత తీసేశాడు. దాని కింద, ఎవరూ అడక్కుండానే, పన్ను తీయించుకున్నానమ్మా అని రాశాడు.

కింద వాటా అమ్మాయికి మగపిల్లాడు. ఇద్దరూ క్షేమం.

20 అక్టోబరు, ఆదివారం.

నా వంతు. "గుమ్మం" అని వేశాను. ఫిర్యాదు ఏమీ తోచలేదు.

గుడ్డలు ఆరాయి. ఒఫ్ఫా, శనివారం, ఇరవై ఆరు, ఎనిమిదింటి బస్సు.