నవ్విన కజ్జికాయ

అక్కా,

వేలూరు ఆస్పత్రి నుంచి నువ్వు తిరిగి రాక ఇవాళ్టికి ఏడాది. నీ ఫొటో ముందు పెడదామని గుడియాత్తం అంగట్లో మటన్ కైమా కొట్టించి తెచ్చి, నీలాగే తీపికి బదులు దాన్ని కూరి, కజ్జికాయలు చేశాను. కాగే నూనె ముందు నేను ఒంటరిగా నిలబడటం ఇదే మొదటిసారి. నా పిరికితనం నీకు తెలుసు కదా. అంచు సరిగా అతకకపోతే కజ్జికాయ విచ్చుకుంటుంది, కైమా తడికి నూనె చిమ్ముతుంది. పొయ్యి దగ్గర ‘పగిలింది’ అనకూడదని నువ్వు ‘నవ్వింది’ అనేదానివి.

ప్రతి అంచూ రెండుసార్లు నొక్కాను. అయినా జల్లిగరిటె చేయి చాపినంత దూరం నుంచే పట్టుకున్నాను. మూడు బాగానే వేగాయి. నాలుగోది వేశానో లేదో నోరు తెరిచింది. నూనె చిమ్మి నా మణికట్టు మీద పడింది. ఒక్క అడుగు వెనక్కి వేశాను. వెనకే నీ కూతురు నా కొంగు పట్టుకుని ఉంది.

“చిన్నమ్మా, నవ్వినాదా?”

“నవ్వితే నవ్వనీ. నువ్వు పోయి వాకిలి కాడ నిలబడుకోమ్మా. నాకేం భయం లేదులే.”

అనేశాక గుర్తొచ్చింది. నన్ను వాకిలి దగ్గరికి పంపేటప్పుడు నువ్వు అనే మాటలే అవి.

ఇన్నేళ్లూ నీకు నిజంగానే భయం లేదనుకున్నాను, అక్కా.